మాస్టారి జవాబులు: బయోడేటాలో హెచ్-ఇండెక్స్

ప్రశ్న: మాస్టారూ నమస్కారమండి. మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చిందండి, అబ్బాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు బయట దేశంలో పోస్ట్‌డాక్ అనే పరిశోధన ఉద్యోగం చేస్తున్నాడంట. బయోడేటాలో ఎత్తు, గోత్రం, నక్షత్రం, ఎకరంన్నర పొలం అన్నీ రాసి కింద ‘పేపర్లు 19, సైటేషన్లు 412, హెచ్-ఇండెక్స్ 11’ అని వేశారు. మా బావమరిదేమో 11 అంటే పాస్ మార్కు కూడా కాదు బావా అంటున్నాడు. ఇంతకీ అది ఎక్కువా తక్కువా?
- ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: ముందు మీ బావమరిదికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. అది మార్కు కాదండి, కౌంటు. కౌంటు అంటే మీ వైపు ముందు రొయ్యలే గుర్తొస్తాయి, కేజీకి 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు, కౌంటు ఎంత తగ్గితే రేటు అంత పెరుగుద్ది. ఇక్కడ లెక్క తిరగబడింది, కౌంటు పెరిగితేనే గొప్ప.

ఎవరైనా పరిశోధన పేపర్ రాసేటప్పుడు ఈ సంగతి ఫలానావాళ్ళు ముందే తేల్చారు, ఈ పద్ధతి ఫలానావాళ్ళ దగ్గర తీసుకున్నాం అని చివర వాళ్ళ పేపర్ల పేర్లు రాస్తారు, అలా రాసినప్పుడల్లా ఆ ముందు పేపర్ ఖాతాలో ఒక సైటేషన్ పడుతుంది. మీ అబ్బాయి (ఇంకా కాలేదులెండి, ఆ అబ్బాయి) ఖాతాలో మొత్తం 412 పడ్డాయి.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అని అమెరికాలో శాన్ డియాగోలో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టాడు. కాగితం మీద వేసి చూస్తే రెండు నిమిషాల పని. ఒకాయనకి ఐదు పేపర్లున్నాయనుకోండి, వాటికొచ్చిన సైటేషన్లు 40, 12, 6, 4, 1. పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పెట్టి లెక్కపెట్టుకుంటూ రండి, నాలుగోదానికి నాలుగున్నాయి, ఐదోదానికి ఐదు లేవు, అక్కడ ఆగిపోయింది కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటిదానికి 40 కాదు 4000 ఉన్నా సరే అది 4 గానే ఉంటుంది. ఒక్క సిక్సర్ కొట్టి జీవితమంతా చెప్పుకునేవాళ్ళకి అందుకే ఇది నచ్చదు. 11 అంటే, ఒక్కోదానికి కనీసం 11 సైటేషన్లున్న పేపర్లు ఆ అబ్బాయికి 11 ఉన్నాయన్నమాట. పోస్ట్‌డాక్ వయసు కుర్రాడికి బాగానే ఉన్నట్టండి. కాకపోతే లెక్కల సబ్జెక్టువాడితో పోల్చకండి, లెక్కల్లో పేపర్లూ తక్కువ, సైటేషన్లూ తక్కువ, అక్కడ 5 ఉన్నవాడు మహా ఘటికుడై ఉండొచ్చు.

ఇంకోటి, బయోడేటాలో నక్షత్రం చూశారు కదా, పేపర్లో కూడా నక్షత్రం ఉంటుందండోయ్. పేర్ల వరసలో ఒకరి పక్కన చుక్క గుర్తు ఉంటే ఆయన ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యుడు, మామూలుగా గైడు. మొదటి పేరు ఎవరిదైతే గాజుగిన్నెలు కడిగి రాత్రిళ్ళు ల్యాబులో కూర్చున్న చేతులు ఎక్కువగా వాళ్ళవే. మధ్యలో ఉన్న పేరు గురించి చెప్పలేం, పెళ్ళి ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ చుట్టం కావచ్చు, పెళ్ళి వంటంతా చేసినవాడూ కావచ్చు. ఇవన్నీ పక్కనపెట్టి నేనైతే ఒకటే అడుగుతాను, పోస్ట్‌డాక్ అనేది ఏడాదికో రెండేళ్ళకో రాసుకునే ఒప్పందం, అది అయ్యాక ఏంటి బాబూ అని. ఎకరంన్నర కౌలుకిచ్చారా చేస్తున్నారా అని కూడా అడగండి.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సైటేషన్లు ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత? ఆయనకి నోబెల్ ఎందుకు రాలేదని అడిగితే అందరూ రాజకీయాలంటారు, నేను అది అడగట్లేదు, లెక్క అడుగుతున్నాను.
- ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: అమ్మాయ్, ఇన్నాళ్ళకి ఒక మంచి ప్రశ్న వచ్చింది. ఆయన 1895లో మీ ఊళ్ళో పుట్టి 1948లో అమెరికాలో పోయారు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని ఈ లెక్కల పుస్తకం మొదలెట్టింది 1964లో, అంటే సుబ్బారావు గారు పోయిన 16 ఏళ్ళకి. తన ఖాతాలో ఎన్ని పడ్డాయో ఆయన చూసుకోలేదు, చూసుకునే మనిషి అని కూడా నాకు అనిపించదు. అయినా ఆ ఖాతా చిన్నదేం కాదు. హార్వర్డ్‌లో ఉండగా సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పేపర్ రాశారు, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి అది, ‘ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి’ అని ఇప్పటికీ అంటారు, దానికి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి.

పద్ధతి ఎలా ఉంటుందో నీకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ళ కోసం చెప్తాను. గాజు గొట్టంలో కొలవాల్సిన నీళ్ళు పోసి, ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే ఫాస్ఫేట్ దాన్ని పట్టుకుంటుంది, కొంచెమే ఫాస్ఫేట్ ఉంటే అప్పటికి కంటికేం తేడా తెలీదు. తర్వాత క్షయకరణి అనే రెండో మందు పోస్తే, నీళ్ళలో నీలిమందు చుక్క విడిచినట్టు మెల్లగా నీలం తిరుగుతుంది, ఫాస్ఫేట్ ఎంతుంటే అంత ముదురు నీలం. దాన్ని రంగు ఎంత ముదురో కొలిచే కలరీమీటర్‌లో పెట్టి అంకె చదువుకోవడమే. ఫిస్కే, సుబ్బారావు గార్ల గొప్పంతా ఆ రెండో మందు ఎంపికలో ఉంది, అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనేది వాడారు, రంగు తొందరగా వచ్చి నిలబడింది.

ఇప్పుడు మీ ఊళ్ళోనే ఆక్వా ల్యాబుకి వెళ్ళి చూడు. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో తెచ్చి బల్ల మీద పెడతారు, లోపల కుర్రాడు ఫాస్ఫేట్ టెస్టుకి అదే నీలం తెప్పిస్తాడు. మందు మారింది, ఆ నాఫ్తాల్ బదులు ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి వాడే ఇప్పటి పద్ధతిని 1962లో మర్ఫీ, రైలీ అని ఇద్దరు కుదిర్చారు, సముద్రం నీళ్ళు, కాలవ నీళ్ళు కొలిచేవాళ్ళందరూ ఇవాళ ఎక్కువగా వాళ్ళ పేపర్నే సైట్ చేస్తారు. నీలం మాత్రం ఆ కుటుంబానిదే. ల్యాబు కుర్రాడు రోజుకి ముప్పై సీసాలు కొలిస్తే ఎవరి ఖాతాలోనూ ఒక్క సైటేషన్ పడదు. పని బాగా అలవాటైపోతే పేరు చెప్పడం మానేస్తాం, ఉప్మా చేసిన ప్రతిసారీ అది నేర్పిన మేనత్త పేరు చెప్తామా ఏంటి!

అంతకంటే నాకు కష్టంగా ఉండేది ఇంకోటుంది. మన డెల్టాలో బోదకాలు ఎంతమందిని తిప్పలు పెట్టిందో మీ అమ్మమ్మనడుగు. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగిస్తారే డీఈసీ బిళ్ళలు, డైఇథైల్‌కార్బమజీన్, అది లెడర్లే కంపెనీలో సుబ్బారావు గారు నడిపిన పరిశోధనలోంచే వచ్చింది. బిళ్ళ మింగిన మనిషి ఎవర్నీ సైట్ చేయడు, మంచినీళ్ళు తాగి అరుగు మీద కూర్చుంటాడు. 1929లో ఏటీపీ మీద, అంటే ఒంట్లో కణాలకి శక్తి అందించే పదార్థం మీద, ఫిస్కేతో కలిసి రాసింది కూడా అంతే, ఏటీపీ అనే మూడక్షరాలు రాసిన ప్రతివాడూ ఆ పేపర్ని సైట్ చేయాలంటే కాగితం చాలదు.

అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్న పేపర్ కూడా ఇలాంటి కొలత పద్ధతే, 1951లో ఓలివర్ లౌరీ వాళ్ళు ప్రొటీన్ కొలవడం గురించి రాసింది, 3 లక్షలు దాటాయి. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీ గారే చెప్పుకున్నారు. అందులో వాడే మందు పేరు ఫోలిన్ మందు, ఆ ఫోలిన్ గారి డిపార్ట్‌మెంట్‌లోనే సుబ్బారావు గారు పనిచేశారు, చూశావా చుట్టరికం ఎక్కడ కలిసిందో. హెచ్-ఇండెక్స్ నేను లెక్క కట్టి చెప్పను, కట్టొచ్చు గానీ ఆయనకి కట్టడం నాకిష్టం లేదు.

ప్రశ్న: మా కాలేజీలో ప్రమోషన్‌కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అడుగుతున్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెద్దదైతే అందులో వచ్చిన పేపర్ మంచిదైనట్టేనా అండి?
- ఒక లెక్చరర్, రావులపాలెం

జవాబు: కాదండి. ఒక పత్రికలో వెనకటి రెండేళ్ళలో వచ్చిన పేపర్లకి ఈ ఏడాది పడ్డ సైటేషన్లని ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది, పత్రికది, మీ పేపర్‌ది కాదు. సగటు ఎంత మోసం చేస్తుందో ఒక్కటి చెప్తాను. స్ఫటికాల నిర్మాణం తేల్చడానికి షెల్‌ఎక్స్ అనే ప్రోగ్రాములు రాసిన, జర్మనీలో పనిచేసిన బ్రిటిష్ కెమిస్ట్ జార్జ్ షెల్‌డ్రిక్ 2008లో వాటి చరిత్ర మీద ఒక పేపర్ రాసి, వాడినవాళ్ళు దీన్ని సైట్ చేయొచ్చు అని అందులోనే రాశాడు. క్రిస్టల్ పనిచేసే ప్రతివాడూ చేశాడు. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ అనే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 చుట్టూ ఉండేది కాస్తా 2009కి 49 దాటింది, 2011కి మళ్ళీ 2 దగ్గరికే వచ్చేసింది. ఆ రెండేళ్ళు అందులో మామూలు పేపర్ వేసుకున్నవాళ్ళు కూడా 49 వాళ్ళమని తిరిగి ఉంటారు, గోదారికి వరదొస్తే పక్కన బోదె కూడా పొంగినట్టు. మీ ప్రిన్సిపాల్ గారికి ఇది చెప్పండి, వినరు, అయినా చెప్పండి.

ప్రశ్న: నా పేపర్లు గూగుల్ స్కాలర్‌లో ఇద్దరు మనుషులవి అయినట్టు రెండు చోట్ల వస్తున్నాయండి. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట అసలు పేరుతో. ఏం చేయాలి?
- ఒక రీసెర్చ్ స్కాలర్, కాకినాడ

జవాబు: ఇది తెలుగువాళ్ళందరి గోలేనమ్మా. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళకి చివరొస్తుంది, వాళ్ళ కంప్యూటర్ చివరున్నదే వంశం పేరనుకుని ‘లక్ష్మి’నో ‘రావు’నో వంశం చేసి పడేస్తుంది. దేశంలో ఎంతమంది రావులో, ఒకరి సైటేషన్లు ఇంకొకరి వాకిట్లో పడుతుంటాయి. పైగా పెళ్ళయ్యాక మీకు ఇంటిపేరు మారే ప్రమాదం ఒకటి. పేరు ఎలా రాస్తారో ఇవాళే తేల్చుకుని చచ్చేదాకా అదే రాయండి, ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు, 2012 నుంచి ఉంది, అది తీసుకుని ప్రతి పేపర్‌కీ తగిలించండి. పాతవి స్కాలర్ ప్రొఫైల్లో మీరే చేత్తో కలుపుకోవాలి, ఒక ఆదివారం పోతుంది.

ప్రశ్న: మాస్టారూ కోపం తెచ్చుకోకండి, ఇంతకీ మీ హెచ్-ఇండెక్స్ ఎంతండి?
- ఒక అభిమాని, రాజోలు

జవాబు: ఆయ్, రెండండి. కాలేజీలో పనిచేసే రోజుల్లో పంటకాలవ నీళ్ళలో ఫాస్ఫేట్ కొలిచి ఒక పేపర్ రాశాను, యూరియా, డీఏపీ చల్లిన వారం పదిరోజుల దాకా సైకిల్ మీద సీసాలేసుకుని లాకుల దగ్గరికి పోయేవాణ్ణి, ఒకసారి సీసాల సంచి జారి కాలవలో పడితే గేదెలు కాసే కుర్రాడు దిగి తీసిచ్చాడు. దానికి మొత్తం ఏడు సైటేషన్లు వచ్చాయి, మూడు నా స్టూడెంట్లవి, రెండు నావే. మిగతా రెండిట్లో ఒకాయన నా పేరు తప్పు రాశాడు.