టెక్ సందేహాలు: జీన్ ఫైల్‌లో వేరికోస్ వెయిన్స్ కారణం దొరుకుతుందా?

గుంటూరులో ఉండే మా అమ్మ రిటైర్డ్ టీచర్. ఆమెకు వేరికోస్ వెయిన్స్ ఉన్నాయి. ఇప్పుడు నాకూ కాళ్లలో నరాలు ఉబ్బుతున్నాయి. గతంలో 23అండ్‌మీ అనే కంపెనీ దగ్గర డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకున్నాను. దాని రా డేటాలో వెతికితే కారణం తెలుస్తుందా?
– ఓ పాఠకురాలు, డాలస్

మీ ఒక్కరి ఫైల్‌తో తెలియదండీ. ఎందుకో ఆ ఫైల్ తెరిచి చూస్తే మీకే అర్థమవుతుంది.

జిప్ విప్పి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వివరణ ఉంటుంది. దాని కింద లక్షల వరుసలు, అన్నీ ఒకే తీరు: ఒక గుర్తింపు నంబరు, క్రోమోజోమ్, దానిలో స్థానం, చివర మీ రెండు అక్షరాలు. మనిషి జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, వాటిలో అక్కడక్కడా ఏరి చదివినవే ఇవి. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆర్‌ఎస్11121615 (ఇంగ్లిష్‌లో rs11121615) అని వెతకండి. ఒకటో క్రోమోజోమ్‌లో సీఏఎస్‌జెడ్1 అనే జీన్‌లో ఉన్న స్థానమిది. మీ టెస్ట్‌లో వాడిన చిప్ దాన్ని చదివి ఉంటే ‘సీసీ’ అనో ‘సీటీ’ అనో ‘టీటీ’ అనో కనిపిస్తుంది. అది చూడగానే టెన్షన్ పడిపోకండి.

ఈ స్థానం ప్రాముఖ్యం బయటపడింది యూకే బయోబ్యాంక్ వల్ల. 2006-10 మధ్య 40 నుంచి 69 ఏళ్ల బ్రిటన్ వాసులు ఐదు లక్షల మంది తమ రక్తం, ఆరోగ్య వివరాలు పరిశోధనకు ఇచ్చారు. 2018లో స్టాన్‌ఫర్డ్ బృందం అందులో వేరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి, అప్పటిదాకా తెలియని 30 స్థానాలు పట్టుకుంది. 2022లో ఆక్స్‌ఫర్డ్ బృందం అదే బయోబ్యాంక్‌లో తాము గుర్తించిన వాటిని 23అండ్‌మీ కస్టమర్ల డేటాలో సరిచూసింది. రెండూ కలిపితే ఎనిమిది లక్షల మందికి పైనే. అంతమందిని పక్కపక్కన పెడితేనే తేడా పైకి తేలిందంటే, ఒక్కో అక్షరం వల్ల పెరిగే రిస్క్ ఎంత చిన్నదో ఊహించండి. రిస్క్ పెంచే అక్షరం ఉండి కూడా కాళ్లు బాగున్నవాళ్లు కోకొల్లలు.

అలాగని ఈ శ్రమ వృథా కాదు. దొరికిన జీన్లలో పీజో1 ఉంది. కణాల మీద పడే ఒత్తిడిని పసిగట్టే ప్రోటీన్‌ను తయారుచేసే జీన్ అది. దాన్ని కనుగొన్నందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది. సిరల్లో రక్తం కిందికి జారకుండా ఆపే కవాటాలు ఏర్పడటంలో ఈ ప్రోటీన్‌కు పాత్ర ఉంది. ఆ కవాటాలు సరిగా మూసుకోకపోతేనే కదా నరాలు ఉబ్బేది! జబ్బు ఎక్కడ మొదలవుతుందో వెతికేవాళ్లకు ఇది పెద్ద ఆధారం. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చేది ఈ భాగమే.

మీ విషయంలో మరో రెండు చిక్కులున్నాయి. బయోబ్యాంక్‌లో అత్యధికులు యూరోపియన్ మూలాలవాళ్లు కాబట్టి, ఆ లెక్కలతో వేసే రిస్క్ స్కోరు మన తెలుగువాళ్లకు అంత నమ్మకంగా పనిచేయదు. పైగా డీఎన్‌ఏకు రెండు పోగులుంటాయి; ఒకదానిలో ఏ ఉంటే ఎదురుగా రెండోదానిలో టీ, సీ ఉంటే జీ ఉంటుంది. పరిశోధకులు ఒక పోగు అక్షరం రాసి, మీ ఫైల్ రెండోది చూపిస్తే, మనుషుల మధ్య తేడా ఏ-టీ లేదా సీ-జీ అయిన స్థానాల్లో ఫలితాన్ని తలకిందులుగా చదివేసే ప్రమాదం ఉంది. మీ కాళ్ల సంగతి తేల్చేది, సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్. వ్యాస్క్యులర్ (రక్తనాళాల) డాక్టర్‌కు అమ్మగారి సంగతి తప్పకుండా చెప్పండి. కుటుంబంలో ఉండటం, గంటల తరబడి నిలబడే ఉద్యోగం, గర్భధారణ, బరువు వంటివి ఆయన అడిగి తెలుసుకుంటారు. వాటిలో ఒక్కటీ ఆ ఫైల్‌లో ఉండదు.

ఆ ఫైల్‌ను ఏదైనా సైట్‌కో ఏఐ చాట్‌బాట్‌కో ఇచ్చి అడగొచ్చా? – అదే పాఠకురాలు

వద్దండీ. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, జీన్లను మార్చుకోలేం. అందులో సగం అమ్మగారివి కూడా, ఆమెనెవరూ అడగలేదు. 23అండ్‌మీలోనే 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025లో కంపెనీ దివాలా పిటిషన్ వేసి చేతులు మారింది. జీన్ల వివరాలు చూసి వివక్ష చూపకుండా అమెరికాలో 2008లో తెచ్చిన జీనా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల వరకే రక్షణ ఇస్తుంది. జీవిత బీమాకు అది వర్తించదు. డేటా వద్దనుకుంటే ముందు ఒక కాపీ దించుకుని, అకౌంట్ సెటింగ్స్‌లో డిలీట్ కోరండి. మెయిల్‌కు వచ్చే లింక్ నొక్కి నిర్ధారిస్తేనే పని పూర్తవుతుంది. ఇప్పటికే జరిగిన పరిశోధనల్లోంచి మాత్రం వెనక్కి తీసుకోలేరు.

ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదువుతున్నాను. పొడవుగా ఉండటమే వేరికోస్ వెయిన్స్‌కు కారణమా అనేది నా లాప్‌టాప్‌లో పరీక్షించగలనా? ర్యామ్ 8 జీబీ. – ఓ విద్యార్థి, వరంగల్

భేషుగ్గా చేయొచ్చు. మీరడిగే పద్ధతి మెండేలియన్ ర్యాండమైజేషన్ (ఎంఆర్). ఎత్తు పెంచే జీన్లు ఎవరికి ఎన్ని రావాలన్నది పుట్టుకతోనే, చీటీలు తీసినట్టు, నిర్ణయమైపోతుంది. తిండి, ఉద్యోగం, ఆదాయం దాన్ని మార్చలేవు. అందుకే ఆ జీన్లు ఎక్కువున్నవాళ్లలో ఈ జబ్బూ ఎక్కువుంటే ఎత్తునే అనుమానించవచ్చు. స్టాన్‌ఫర్డ్ బృందం అలాగే చూసి, ఎత్తు ఒక కారణమేనన్న నిర్ణయానికి వచ్చింది.

మీకు మనుషుల అసలు డేటా అక్కర్లేదు, సమ్మరీ స్టాటిస్టిక్స్, అంటే ఒక్కో స్థానానికి తేలిన మొత్తం ఫలితాల పట్టిక చాలు. అవి ఉచితం. ఎత్తుకు జెయింట్ కన్సార్షియం అనే పరిశోధకుల కూటమి 2014లో ఇచ్చిన ఫైల్ తీసుకోండి. 2018 నాటి దానిలో యూకే బయోబ్యాంక్ కలిసి ఉంది, మీ జబ్బు ఫైల్ కూడా అక్కడిదే అయితే ఒకే మనుషులు రెండు వైపులా లెక్కకొచ్చి ఫలితం చెడుతుంది. జబ్బు వైపు ఫిన్లాండ్ వాళ్ల జన్యు పరిశోధన ఫిన్‌జెన్ ఫైల్ వాడితే ఆ బెడద బాగా తగ్గుతుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో టూశాంపుల్‌ఎంఆర్ ప్యాకేజీ వేసుకోండి. పెద్ద ఫైల్‌ను మొత్తం ర్యామ్‌లోకి లాగకుండా, ఎత్తుకు సంబంధించిన కొన్ని వందల వరుసలనే ముందుగా ఏరుకోండి. ఎనిమిది జీబీ సరిపోతుంది.

ఒక జీన్ ఎత్తుతో పనిలేకుండా నేరుగా సిరల మీదే ప్రభావం చూపవచ్చు. అది పట్టుకోవడానికి మామూలుగా వాడే ఐవీడబ్ల్యూ లెక్కతో పాటు ఎంఆర్ ఎగర్, వెయిటెడ్ మీడియన్ అనే పద్ధతులు రెండూ నడపండి. మూడు పద్ధతులూ ఒకే దిక్కు చూపకపోతే మీ గైడ్‌కు ఆ తేడానే ముందు చూపించండి.