తాళమేసిన ఇంట్ల చేపలు

బిడ్డా,

మే నెలల పదిరోజులు సూరత్‌ల మీ చిన్నమ్మోళ్ళ ఇంటికి పోతున్నమని, అక్వేరియంల చేపలకు దానంతటదె మేత వేసే ఫీడర్ ఏది కొనాలెనని అడిగినవు. ఫీడర్ ముచ్చట తర్వాత. నీ తొట్టిల ఉన్న గప్పీలు, మోలీలు, ఆ రెండు గోల్డ్‌ఫిష్‌లు, అద్దానికి అతుక్కునే సక్కరు చేప, అన్నీ పెద్దయినయే గద. బలంగ ఉన్న పెద్ద చేప మేత లేకుంటె వారం రోజులు నిమ్మళంగ ఉంటది. మనలెక్క ఒళ్ళు వెచ్చగ ఉంచుకునే పని దానికి లేదు, అందుకె తిండి ఖర్సు తక్కువ. గోడకు పట్టిన పాకురు గూడ గీక్కుంట తింటయి. ఊరికి పోయినోళ్ళ ఇండ్లల్ల చేపలు చచ్చేది మేత ఎక్కువై, లేకుంటె నీళ్ళకు గాలి అందుడు ఆగి. నువ్వు పైసలు పెట్టేదుంటె ఆ గాలి మీద పెట్టు.

మేత ఎక్కువైతె ఏమైతదో సమజ్ చేసుకో. చేపలు తినంగ మిగిలింది అడుగుకు వోయి మురుగుతది, అమోనియా అనే విషం పుడ్తది. ఫిల్టర్ స్పాంజీల ఉన్న బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైట్ చేస్తది, దాన్ని మళ్ళ అంత హాని లేని నైట్రేట్ చేస్తది. గని రోజూ వచ్చేదానికి సరిపోయేంతనె ఆ బ్యాక్టీరియా పెరిగి ఉంటది. ఒక్కనాడు మూడింతల మేత పడితె అది అందుకోలేదు. పైంగ మురుగుడుకు ఆక్సిజన్ గావాలె, అది గూడ చేపల వాటాలకెల్లే పోవాలె. ఎండకాలం అసలే కరువు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటె, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నర కాడికి దిగుతయి. అందుకె మేలో ఎక్కువ మేత వేసిన తొట్టి తెల్లారేసరికి పాలలెక్క అయితది, చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటయి.

పక్కింటి పిలగానికి మేత డబ్బ అప్పజెప్పి పోతరు చానమంది. వానికి చేపలంటె పాణం. కోనేట్ల ప్యాలాలు చల్లినట్టు పొద్దుమాపు చల్తడు, పైకొచ్చినయంటె ఆకలైతున్నయనుకుంటడు. పైకొచ్చుడు అలవాటు బిడ్డా, ఆకలి కాదు. డబ్బ ఇయ్యకు, పొట్లాలు కట్టియ్యి. ఎట్లంటె, ఈ వారంల ఒకనాడు గడియారం చూసుకుంట కొద్దికొద్దిగ మేత వెయ్యి. రెండు నిమిషాలల్ల ఎంత ఖతం చేసినయో అంత ఒక పూట మేత. పొట్లంల దాంట్ల సగమే కట్టు. రెండు వేళ్ళ చిటికెతోనె తియ్యి, మూడు వేళ్ళు కలిస్తె చేతికి తెల్వకుండనె రెట్టింపు అయితది. పదిరోజులకు మూడు పొట్లాలు చాలు: మూడోనాడు, ఆరోనాడు, తొమ్మిదోనాడు. ప్రతి పొట్లం మీద తారీకు రాయి. మెడికల్ షాపుల దొరికే వారం గోలీల డబ్బయితె ఇంక మంచిది, మూడు గదులల్ల పోసి మిగిలినయి టేపుతోని మూసెయ్యి. అసలు డబ్బ బీరువాల పెట్టి తాళమెయ్యి. వాడు ఒకనాడు మర్సిపోతె మర్సిపోనీ, మర్నాడు రెండు పొట్లాలు వెయ్యొద్దని మాత్రం గట్టిగ చెప్పు.

పోయేముందు రోజు కడుపునిండ పెట్టి పోదామనుకోకు. గోల్డ్‌ఫిష్‌కు మనలెక్క తిన్నది దాసుకునే కడుపే లేదు, పేగు ఒక్కటే. ఎక్కువ పెడితె అంతనె బయటికొస్తది, నువ్వు బస్సెక్కేసరికి నీళ్ళు ఖరాబు.

ఇగ ఫీడర్. బ్యాటరీతోని తిరిగే డబ్బ రకం, రోజుకు ఒక్కసారి బోర్లపడి మేత దులుపుతది. చెడ్డదేం కాదు గని కొన్ననాడే పెట్టి పోయేది మాత్రం కాదు. ముందుగాల కింద తెల్ల కాయితం పరిచి చేతితోని నాలుగైదు సార్లు తిప్పి చూడు, ఎంత రాలుతుందో కండ్లకు కనపడాలె. కంత జరిపే మూతను అన్నిటికన్న సన్నగ పెట్టు. రేకులలెక్క ఉండే మేత వద్దు, అది తడికి ముద్ద కట్టి కంతకు అడ్డం పడ్తది. 1 మిల్లీమీటరు గోలీల మేత పొయ్యి. గాలి బుడగలు పైకొచ్చే దిక్కు ఫీడర్ పెడితె చిటపట ఎగిరే తుంపర కంతకు తగిలి గట్టిబడ్తది, బుడగలకు దూరంగ రెండో మూలకు బిగించు. కొత్త బ్యాటరీలు వెయ్యి. ఊరికి పోయేముందు వారం రోజులు నీ కండ్ల ముందర నడవనియ్యి. ఇంకో ఉపాయం: డబ్బ నిండ పొయ్యకు. పదిరోజులకు అయిదు పూటల మేతనె పొయ్యి. కంత ఊడి మొత్తం ఒక్కసారె పడ్డా చేపలు బతికే అవకాశం ఉంటది.

దుకాణపోళ్ళు హాలిడే బ్లాక్ అని తెల్ల గడ్డ అంటగడ్తరు. జిప్సంల మేత గలిపి చేసింది అది. చేపలు తిన్నా తినకున్నా కరుగుతనె ఉంటది, కరిగిన జిప్సం నీళ్ళల్ల కాల్షియం పెంచుతది. మన బోరు నీళ్ళకు ఆ కాల్షియం ఇంక అక్కర లేదు. సక్కరు కోసమని కీర ముక్క వేసి పోవుడు గూడ వద్దు, ఒక్కరోజుల మెత్తబడి మురుగుతది.

గప్పీ పిల్లలు ఏమన్న ఉన్నయా? వాటికి ఈ లెక్క పనికిరాదు. దినాం రెండు మూడు సార్లు తినే వయసది, ఉపాసం ఓర్వయి. వేరే డబ్బల వేసి పోతె ఆకలికి చస్తయి, తొట్టిలనె ఇడిసిపెడితె పెద్దయి మింగుతయి. ఎరికైనోళ్ళకు గాని చేపల దుకాణంల గాని ఇచ్చి పో. చెరువుల మాత్రం ఇడవకు, ముఖ్యంగ సక్కరును. అది మన చెరువులల్ల పెరిగి బెస్తోళ్ళ వలలు చింపుతున్నది.

కరెంటు సంగతి మీద మనసు పెట్టు. ఊరికి పోయేటప్పుడు మీ నాయనకు మెయిన్ బంద్ చేసే అలవాటు ఉంటది, అందరికీ ఉంటది. ఫిల్టర్ ఆగిపోతదని ఎవ్వరికీ యాదికి రాదు. మెయిన్ మీద, అక్వేరియం స్విచ్ మీద టేపు అంటించి "బంద్ చెయ్యొద్దు" అని పెద్దక్షరాలతోని రాయి. ఇన్వర్టర్ ఉంటె గాలి పంపును దాని ప్లగ్గుకు మార్చు, 3 నుంచి 5 వాట్లే గుంజుతది, పొద్దంత నడిచినా బ్యాటరీకి బరువు కాదు. లేకుంటె కరెంటు పోంగనె దానంతటదె నడిచే చార్జింగ్ గాలి పంపు ఒకటి కొను. మే నెలల గాలిదుమారం లేస్తె పాలమూరుల గంటలకొద్ది కరెంటు పోవుడు నీకు ఎరికైందే. ఇంకొకటి: గాలి పంపు నీళ్ళ మట్టం కంటె కింద ఉంటె, కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపుల ఉల్టా దిగి పంపుల పడ్తయి, అటెన్క నేల మీద. పంపును తొట్టి కంటె ఎత్తుల పెట్టు, లేకుంటె పైపు నడుమ నాన్-రిటర్న్ వాల్వ్ వెయ్యి, పెద్ద ఖర్సేం గాదు. తీగలు ప్లగ్గుకు పొయ్యేముందు కిందికి ఉయ్యాలలెక్క వంగి ఉండాలె. అట్లయితె నీళ్ళు తీగ పట్టుకొని పారినా బోర్డుకు పోవు, అక్కడ్నె కింద రాల్తయి.

రెండడుగుల తొట్టి, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటె నిండ 56 లీటర్లు. రాళ్ళు, పైన ఇడిసిన జాగ తీస్తె 45 చిల్లర ఉంటయి. వారం ముందు ఫిల్టర్ స్పాంజీని ఆ తొట్టి నీళ్ళల్లనె పిండు, నల్లా కింద కడిగితె క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తది. పోయేదానికి రెండ్రోజుల ముందు 12 లీటర్లు తీసి కొత్తయి పొయ్యి. పోయేనాడే మార్చకు, ఏదన్న తేడా వస్తె చూసే మనిషి ఉండడు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళయితె క్లోరిన్ ఉంటది, బకిట్ల పోసి ఒక దినం మూత తీసి పెట్టు, లేకుంటె యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. కొత్త చేపల్ని ఈ పదిహేను రోజులల్ల తేకు, రోగం తెస్తె పాతయి గూడ పోతయి.

నీళ్ళు ఆవిరైతయి గద. ఒక సెంటీమీటరు దిగితె మీ తొట్టిల 1.8 లీటర్లు పోయినట్టు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు తొట్టిలనె ఉంటయి. ఆ లోటును బోరు నీళ్ళతోని నింపుకుంట పోతె ఉప్పు మీద ఉప్పు పేరుకుంటది. ఈ పనికి మాత్రం ఫిల్టర్ క్యాన్ నీళ్ళు మంచియి. అద్దం మీద మార్కర్‌తోని గీత గీసి, నీళ్ళు గీత కిందికొస్తె ఒక మగ్గు పొయ్యమని పిలగానికి చెప్పు. లోపలి ఫిల్టర్ మోటరును ఇప్పుడున్న జాగకెల్లి నాలుగు వేళ్ళు కిందికి దించు, నీళ్ళు తగ్గి మోటరు బయటపడితె ఉత్తగ తిరిగి కాలిపోతది. పైన అద్దం మూత పెట్టు, గాలి ఆడెతందుకు రెండు వేళ్ళ సందు ఇడువు.

మీ తొట్టి ఉన్నది స్లాబు కింద గది. కిటికీలన్నీ మూసి తాళమేస్తె నీళ్ళు 33, 34 డిగ్రీలకు పోతయి, గోల్డ్‌ఫిష్‌కు 30 దాటుడే కష్టం. జాలీ ఉన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచు, పరదా గుంజు. నీళ్ళతోని తొట్టిని జరపాలని మాత్రం చూడకు, రాళ్ళతోని కలిసి అరవై కిలోల బరువు, జర వంగినా అద్దం సిలికాన్ ఊడ్తది. లైటు పదిరోజులు బందే. గదిల వెలుగు చాలు.

పిలగాడు మేత వేసిననాడల్ల ఫోటో తీసి పంపాలె. నీళ్ళు పాలలెక్క తెల్లగ కనపడితె మిగిలిన పొట్లాలు వాపస్ పెట్టమను. చేపలు పైన నోరు తెరుస్తుంటె, మగ్గుతోని నీళ్ళు ముంచి జానెడు ఎత్తుకెల్లి ఇరవై సార్లు పొయ్యమను. చచ్చిన చేపను వెంటనె జాలెతోని తీసెయ్యాలె, నువ్వొచ్చేదాక ఉంచొద్దు.

వచ్చినంక బ్యాగు పక్కకు పెట్టి ముందుగాల చేపల్ని లెక్కవెట్టు. మోటరు నడుస్తుందా చూడు. ఫిల్టర్ రాత్రంత ఆగిపోయి ఉంటె అట్లనె ఆన్ చెయ్యకు, స్పాంజీల మురికి ఒక్కసారె తొట్టిలకొస్తది, తొట్టి నీళ్ళు బకిట్ల తీసి దాంట్ల పిండినంకనె చెయ్యి. ఆనాడు మేత వద్దు. తెల్లారి 12 లీటర్లు మార్చి సగం మేత వెయ్యి, మూడోనాడు మామూలు.

మీ పెద్దనాయన,
నల్లగొండ