నీ ఉడుతకు చారలెక్కడివి?

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చలికాలంలో పెరట్లోకి వచ్చే ఉడుతల గురించి, వాటికి గింజలు పెట్టడం గురించి రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. ఆ సంతోషంలో మొదటిసారి గబగబా చదివేశాను. రెండోసారి మూడో పేరా దగ్గర ఆగిపోయాను. "రాముడి వేలి గుర్తులు వీపున మోస్తూ మంచులో గెంతుతోంది" అని రాశావు. వ్యాసంతో పాటు నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది బూడిద రంగు ఉడుత. దాని వీపు మీద ఒక్క చార కూడా లేదు.

తెలుగులో ఉడుత గురించి రాయబోతే ఉడుతాభక్తి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. చిన్నప్పటి నుంచి విన్న మాట, అందులో నీ తప్పేం లేదు. కానీ ఆ మాట రాగానే నువ్వు కిటికీలోంచి చూడటం మానేశావు. అక్కడి నుంచి రెండు పేజీలూ విన్న ఉడుతే తప్ప చూసిన ఉడుత లేదు. "చలికి గజగజ వణుకుతున్న చిన్న ప్రాణి" అన్నావు. నిజంగా వణికిందా? "శీతకాలపు నిద్రలో ఆకలేసి లేచి వచ్చింది" అన్నావు. ఇది మాత్రం కచ్చితంగా తప్పు. నెలల తరబడి నిద్రపోయేవి నేల ఉడుతలు. వాటిలో ఆర్కిటిక్ ప్రాంతపు జాతి ఒకటుంది, ఆ నిద్రలో దాని ఒంటి వేడి సున్నా డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది, అయినా బతికే ఉంటుంది. చెట్ల మీద బతికే ఉడుతలకు అలాంటి నిద్ర లేదు. వాతావరణం మరీ బాగా లేకపోతే ఒకటి రెండు రోజులు గూట్లోనే ఉండిపోతాయి, కాస్త తెరిపి ఇవ్వగానే బయటికొస్తాయి. చలికి ముందే తిని ఒళ్ళు చేస్తాయి, బొచ్చు దట్టమవుతుంది. తినేటప్పుడు తోకను వీపు మీదికి కప్పుకుంటాయి చూడు, అదే వాటి దుప్పటి.

ఆ గూడు గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆకులన్నీ రాలిపోయిన ఈ రోజుల్లోనే అది కనపడేది. కొమ్మల పంగలో పుల్లలూ ఎండుటాకులూ కలిపి చుట్టిన పెద్ద ఉండలా ఉంటుంది. మిగతా కాలమంతా ఆకుల చాటున దాక్కునే ఇల్లు ఇప్పుడు నీ కళ్ళముందు ఉంది. రేపు పొద్దున వెళ్ళి వెతుకు.

ఇంకొకటి. రెండు ఉడుతలు చెట్టు చుట్టూ గిరగిరా తరుముకుంటుంటే "తిండి కోసం కొట్లాట" అని రాశావు. కావచ్చు. కానీ నడి చలికాలం బూడిద ఉడుతలు జతకట్టే కాలం కూడా. ఆడ ఉడుత వెంట మగవి వరసగా పరిగెడతాయి. దాదాపు 44 రోజులకు పిల్లలు పుడతాయి. నువ్వు చూసింది కొట్లాటో, పెళ్ళిసందడో నాకు తెలియదు. ఎన్ని ఉడుతలున్నాయి, ఏది ముందు పరిగెత్తింది, గింజల పళ్ళెం వైపు అవి చూశాయా లేదా అన్నది నువ్వు రాసుంటే నాకు తెలిసేది.

నేను నిన్న చూసింది చెబుతాను. పెంకు తీయని వాల్‌నట్ ఒకటి గోడ మీద పెట్టాను. ఉడుత వచ్చి వెంటనే తినలేదు. రెండు ముందు కాళ్ళతో పట్టుకుని గుండ్రంగా తిప్పింది. తలను ఠక్కున ఓసారి విదిలించింది. కాయ బరువు ఎంతుందో, లోపల పప్పుందో లేదో అవి తూకం వేసే తీరు అదేనంటారు పరిశోధకులు. తర్వాత దాన్ని నోట కరుచుకుని దిగి, కంచె పక్కన మంచు తవ్వింది. ముక్కుతో నేలలోకి కుక్కినట్టు చేసి, పైన కప్పి, కాళ్ళతో తట్టింది. తల పైకెత్తింది. కాయ ఇంకా నోట్లోనే ఉంది! కొమ్మ మీద ఇంకో ఉడుత చూస్తోంది మరి. ఇది నాలుగడుగులు అవతలికి పోయి, నిజంగా పాతిపెట్టింది అక్కడ. ఎవరైనా చూస్తుంటే అవి ఇలా దొంగ గుంటలు తవ్వుతాయని చదివాను, కళ్ళారా చూడటం నాకు ఇదే మొదటిసారి. రాత్రి చాలాసేపు ఆ నోట్లోని కాయే గుర్తొచ్చింది.

"పాతిపెట్టి మర్చిపోయే అమాయకురాలు" అని నువ్వు రాసిన వాక్యం కొట్టేయి. మర్చిపోయేవి కొన్ని ఉంటాయి, వాటిలోంచి చెట్లు మొలుస్తాయి, నిజమే. కానీ 1991లో బూడిద ఉడుతల మీద చేసిన ప్రయోగంలో, పక్కపక్కనే వేరే ఉడుతలు దాచిన కాయలున్నా, అవి తాము పాతిన చోట్లనే ఎక్కువగా తవ్వి తీసుకున్నాయి. వాసన ఒక్కటే కాదు, చోటు కూడా గుర్తుంటుందన్నమాట. ఓక్ కాయల దగ్గర చూపించే తెలివి ఇంకా గొప్పది. తెల్ల ఓక్ కాయ రాలగానే మొలకెత్తుతుంది, మొలిస్తే నిల్వ ఉండదు. అందుకని దాని మొలక భాగాన్ని పళ్ళతో కొరికేసి మరీ పాతిపెడతాయి. వసంతం దాకా మొలవని ఎర్ర ఓక్ కాయను అలాగే దాస్తాయి. ఇంత లెక్క తెలిసిన జీవిని మనం "పాపం" అని ఒక్క మాటతో సరిపెడితే ఎలా?

ఇప్పుడు తిండి సంగతి. ఇక్కడ నీకు నా సొంత తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఇలాంటి వ్యాసమే రాశాను. రోజూ పళ్ళెం నిండా వేరుశెనగలు, పొద్దుతిరుగుడు గింజలు, మిగిలిపోయిన బిస్కెట్లు పెట్టేదాన్ని. అదంతా ఎంతో ప్రేమగా వర్ణించాను. అచ్చయ్యాక, దెబ్బ తగిలిన అడవి జంతువులకు సేవ చేసే ఒకావిడ ఉత్తరం రాసింది. ఆ గింజల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రోజూ అవే తింటే ఎముకలు గుల్లబారతాయి. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చే పిల్ల ఉడుతల్ని తను చేతుల్లోకి తీసుకున్నానని రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నా వ్యాసం చదివి ఎంతమంది పెరట్లో అదే పెట్టారో అన్న బాధ నాకు పోలేదు.

అందుకే నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన వాక్యం "ఇంట్లో ఏముంటే అది పెట్టండి" అన్నది. కథలో తప్పు రాస్తే పాఠకుడు విసుక్కుంటాడు. ఇక్కడ తప్పు రాస్తే ఎవరో దాన్ని పళ్ళెంలో పెడతారు. ఉప్పు వేయనివి, పెంకుతో ఉన్నవి పెట్టమని రాయి. వాల్‌నట్, హేజల్‌నట్ లాంటివి. ఉడుతల ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, పెంకు కొరికితే అరుగుతాయి. వేరుశెనగ ఎప్పుడో ఒకసారి చాలు, అదీ ఉప్పు లేకుండా వేయించినది. బూజు వాసన వస్తే పారేయాలి. రొట్టె, చిప్స్, చాక్లెట్ వద్దు. ఒక్కోదానికి రెండు మూడు కాయలకు మించి వద్దు, అడవి తిండి వెతుక్కునే అలవాటు పోకూడదు. చేత్తో అందించొద్దని కూడా రాయి. కరుస్తుందనే కాదు, మనిషి భయం పోయిన ఉడుతకు అందరు మనుషులూ నీలాంటివాళ్ళే అనిపిస్తుంది.

పళ్ళెం కడగడం గురించి ఒక్క ముక్కైనా ఉండాలి. అన్నీ ఒకేచోట తింటే రోగాలు అంటుకుంటాయి. బ్రిటన్‌లో బూడిద ఉడుతలు మోసుకొచ్చే ఒక పాక్స్ వైరస్ వాటినేమీ చేయదు గానీ, అక్కడి ఎర్ర ఉడుతల ప్రాణం తీస్తుంది. కొన్నిచోట్ల అడవి జంతువులకు తిండి పెట్టడం మీద నిషేధం ఉంటుంది, ముందు అది కనుక్కోమను.

గింజల కంటే నీళ్ళ గురించి ఎక్కువ రాయి. చుట్టూ అంతా గడ్డకట్టినప్పుడు తాగే నీళ్ళు దొరకడం కష్టం. లోతు లేని గిన్నెలో రోజూ మార్చే నీళ్ళు, అంతే. దీని గురించి ఎవరూ రాయరు.

పది రోజులు ఒకే వేళకు కిటికీ దగ్గర కూర్చో. ఫోన్ పక్కన పెట్టు, ఫొటో తీసే తొందరలో చూపు పోతుంది. చిన్న నోట్‌బుక్‌లో చూసింది చూసినట్టు రాసుకో, పోలికలు వద్దు. ఆ తర్వాత వ్యాసం మళ్ళీ మొదలుపెట్టు. అప్పటికీ ఉడుతాభక్తి రాయాలనిపిస్తే రాయి, నేను కాదనను. వ్యాసం చివర్లో నువ్వు రాసిన ఆ గాయపడిన చెవి ఉడుత ఉంది చూడు, "ఎడమ చెవి కొస లేదు, అందుకే దాన్ని గుర్తుపడతాను" అన్నావు. వ్యాసం మొత్తం మీద నాకు కనపడిన ఉడుత అదొక్కటే. దానితోనే మొదలుపెట్టకూడదూ?

మళ్ళీ రాసింది పంపు, ఎంత పొడుగైనా సరే చదువుతాను. ఇది రాస్తుండగానే కంచె మీదికి ఒకటి వచ్చి కూర్చుంది. గిన్నెలో నీళ్ళు రాత్రికి గడ్డకట్టినట్టున్నాయి, వెళ్ళి మార్చాలి.

ప్రేమతో,
మీ అత్తయ్య