కోళ్ల దాణాలో కలిపే ఈగల మందు పొడి గుర్రాలకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ధర్మాబాద్ దగ్గర పల్లె. బరాత్‌లకు తిప్పే గుర్రాలు రెండున్నాయి. వానలు పడ్డాయంటే ఈగలు వాటిని కళ్లు తెరవనివ్వవు. పొద్దంతా కాళ్లు నేలకేసి కొడుతూనే ఉంటాయి. మా బావమరిది తన కోళ్ల ఫారంలో దాణాలో ఏదో పొడి కలుపుతాడు, ఈగలు పుట్టవట. అదే మా గుర్రాలకూ పెట్టమంటున్నాడు. వెల్లుల్లి చాలని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, నాందేడ్ జిల్లా

జవాబు: మీ బావమరిది మాటలో నిజం ఉంది. అది బహుశా సైరోమజైన్ అయి ఉంటుంది. అమెరికాలో ఈ మందును, డైఫ్లుబెంజురాన్ అనే ఇంకోదాన్ని గుర్రాల దాణాలోనే కలిపి పెడతారు. మందు కడుపులోంచి లద్దెలోకి వస్తుంది. అందులో ఈగ పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగు ఎదగలేక చస్తుంది. ఇప్పటికే ఎగురుతున్న ఈగను మాత్రం అది ఏమీ చేయదు. అందుకే ఈగలు ముసిరాక మొదలుపెట్టి, వారంలో ఫలితం లేదని తిట్టుకుంటే లాభం లేదు. రెండు గుర్రాలకూ పెట్టాలి, సీజనుకు ముందే పెట్టాలి. పక్కింటి బర్రెల పేడకుప్ప అలాగే ఉంటే అంతా వృథా.

అయితే ఆ ఫారం నుంచి దాణా గానీ, కలిపిన పొడి గానీ ఒక్క గుప్పెడు కూడా తేవద్దు. బ్రాయిలర్ కోళ్ల దాణాలో రక్తపారుడు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడి తట్టుకుంటుంది, గుర్రం గుండె తట్టుకోదు. ఒంటి బరువులో కిలోకు 2, 3 మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు, ప్రాణం పోవడానికి. 300 కిలోల గుర్రానికి అది గ్రాము కూడా కాదు. విరుగుడు లేదు. ఫారంలో దాణా ఎత్తే చేటతో మీ గుర్రాల ఉలవలు కొలవడం కూడా నాకు ఇష్టం లేదు. గుర్రాలకని లేబుల్ మీద ఉన్న మందే, అదీ మీ పశువుల డాక్టరు చెప్తేనే.

అసలు మీ ఈగ ఏదో చూశారా? కాళ్లు కొట్టుకుంటున్నాయంటే నా అనుమానం కుట్టే ఈగ మీదే. చూడ్డానికి ఇంటి ఈగలాగే ఉంటుంది గానీ నోటి ముందు సూది పొడుచుకొచ్చి ఉంటుంది, గోడ మీద తల పైకి పెట్టి వాలుతుంది. ఇది లద్దెలోనే కాదు, మూత్రంతో తడిసి కుళ్లిన జొన్నచొప్పలోనూ పెరుగుతుంది. అక్కడికి దాణా మందు చేరదు. జోరీగ సంగతి మరీ దూరం, అది పుట్టేది బురదలో. మీ గోదావరి ఒడ్డున బురదకేం కొదవ!

కాబట్టి ముందు పార పట్టండి. వానాకాలంలో ఇంటి ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులు చాలు. అందుకే లద్దె, తడిసిన చొప్ప రోజూ ఎత్తి కొట్టానికి దూరంగా కుప్ప వేసి పాలిథిన్ కప్పండి. లోపల వేడికి పురుగు బతకదు. నీళ్ల తొట్టి చుట్టూ తడి లేకుండా చూడండి. కళ్లకు జాలీ కట్టండి, అయితే రాత్రి విప్పేయాలి.

వెల్లుల్లి ఈగల్ని ఆపుతుందని నాకు నమ్మకం లేదు. ఎక్కువ పెడితే గుర్రానికి రక్తం తగ్గుతుంది. పప్పులో వేసుకోండి.

జోరీగలు ఎక్కువైన చోట, అవి కుట్టినప్పుడు అంటుకునే సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వచ్చిపోతూ, పొట్ట కింద, కాళ్లకు వాపు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. మీ జిల్లా మాళేగావ్ జాతరలో కొత్త గుర్రం కొన్నా అంతే, పరీక్ష అయ్యాకే మీ రెండింటి పక్కన కట్టండి.