గోడ మీద పాకే బూడిదరంగు గూడు, లైటు దగ్గర వాలే చిన్న చిమ్మట: రెండూ ఒకటేనా?

ఒకటేనండీ. మీరు చూసిన గుమ్మడి గింజలాంటి చదును గూట్లో ఉండేది ఆ చిమ్మట లార్వా, అంటే రెక్కలు రాని పిల్ల పురుగు. ఆ చిమ్మట శాస్త్రీయ నామం ఫెరియోకా యుటెరెల్లా (Phereoeca uterella). వేడి, తేమ రెండూ ఉండే ప్రాంతాల్లో ఇళ్ళలోనే బతికేస్తుంది. మా స్నానాలగది గోడల మీద వీటిని ఏళ్ళ తరబడి చూస్తున్నాను. భూతద్దం పెట్టి చూడటం అలవాటయ్యాక అసలు విసుగే రాలేదు.

రెక్కలొచ్చిన చిమ్మట చాలా చిన్నది. రెక్కలు చాపితే ఆడది 10 నుంచి 13 మిల్లీమీటర్లు, మగది అంతకన్నా చిన్నగా, సన్నగా ఉంటుంది. ఒళ్ళంతా బూడిద రంగే. కానీ దగ్గరికెళ్ళి చూడండి: ముందు రెక్కల మీద ముదురు మచ్చలు, తల మీద రేగిన దట్టమైన వెంట్రుకలు, వెనక రెక్కల అంచున పొడవాటి కుచ్చు. మచ్చలు ఆడదానికే స్పష్టంగా కనిపిస్తాయి.

నాకు మాత్రం లార్వా అంటేనే ఎక్కువ ఇష్టం. తన పట్టుతో గూడు అల్లుకుని, దానికి ఇసుక రేణువులు, దుమ్ము, నూలు పీచు అంటించుకుంటుంది. గూటికి రెండు వైపులా ద్వారాలే. కదిలిస్తే లోపలికి ముడుచుకుపోతుంది. మనం కదలకుండా ఉంటే కాసేపటికి మళ్ళీ తల బయటపెడుతుంది, ఒక్కోసారి రెండో వైపు నుంచి! తల, కాళ్ళున్న ముందు భాగం ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది, మిగతా ఒళ్ళు తెల్లగా, మెత్తగా ఉంటుంది. నడిచేటప్పుడు బయటికొచ్చేది ఆ ముందు భాగమే కాబట్టి గట్టిదనం అక్కడ చాలు.

ప్యూపా (చిమ్మటగా మారే మధ్య దశ) అయ్యే ముందు గూటిని గోడకి అతికించేస్తుంది. గూటి చివర గోధుమరంగు పొర బయటికి పొడుచుకుని కనిపిస్తే చిమ్మట ఎగిరిపోయినట్టే.

ఇది కుట్టదు. మందు కొట్టాల్సిన పనీ లేదు. పాత సాలెగూళ్ళు, రాలిన జుట్టు, చచ్చిన పురుగులు, ఉన్ని దారాలు దాని తిండి. మూలల్లో సాలెగూళ్ళు దులిపి, గోడకీ నేలకీ మధ్య సందులు ఊడ్చి, గదిని పొడిగా ఉంచితే తగ్గిపోతాయి. ఉన్ని బట్టలుంటే మాత్రం మూతపెట్టెలో దాచండి.