పత్రికలో అచ్చయిన రచన మీద హక్కు ఎవరిది?

కథారచన పాఠాలు చెప్పే మాస్టారు సాహిత్య మాసపత్రికకు పంపిన కథైనా, వ్యాసమైనా, దాని కాపీరైట్ మాస్టారిదే. సంతకం పెట్టి రాసిచ్చేస్తే తప్ప పత్రికది కాదు.

మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. పత్రికలో జీతానికి పనిచేసే ఉపసంపాదకుల సంగతి వేరు. ఉద్యోగంలో భాగంగా వాళ్లు రాసినదాన్ని పత్రికల్లో వేసుకునే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యానిది. బయటినుంచి రాసేవారు ఆ లెక్కలోకి రారు. ఆ రాత ఉద్యోగ విధుల్లో భాగం కానంతవరకు మాస్టారి కాలేజీకీ హక్కు ఉండదు.

ఒక టీచరమ్మ ఏడాదిపాటు నెలనెలా కథ ఎత్తుగడ, సంభాషణ, ముగింపు లాంటి వాటి మీద శీర్షిక రాశారనుకుందాం. ఆ 12 వ్యాసాలను పుస్తకంగా వేసుకోవడానికి పత్రిక అనుమతి అక్కర్లేదు. తొలి ప్రచురణ ఫలానా పత్రికలో అని ఒక ముక్క రాయడం మర్యాద, రాస్తేనే బాగుంటుంది. పత్రిక వేయించిన బొమ్మలు మాత్రం అడగకుండా వాడకూడదు, అవి ఆమెవి కావు.

పారితోషికం పుచ్చుకుంటే హక్కులు పోయినట్టేనని చాలామంది భయపడతారు. పోవు. ‘ఇది నా సొంత రచన, ఎక్కడా అచ్చు కాలేదు’ అనే హామీపత్రంతోనూ పోవు. ‘సర్వహక్కులూ పత్రికవే’ అన్న కాగితం మీద సంతకం పెడితేనే చిక్కు. అందులోనూ గడువు రాయకపోతే ఆ బదిలీ 5 ఏళ్లే చెల్లుతుంది.