బోర్లా పడడానికి తొందర లేదు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పాపకు నాలుగు నెలలు నిండినా మెడ నిలవలేదని, పక్కింటి బాబు అదే వయసుకు బోర్లా పడుతున్నాడని, బొబ్బట్లు ఎప్పుడు చేయాలని మీ అత్తగారు అడుగుతున్నారని రాశావు. నెలతక్కువ పిల్లలకు ఫిజియోథెరపీ చేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క సరిచేసుకుందాం. నిండు కాన్పు 40 వారాలు. మన పాప 30 వారాలకే వచ్చేసింది. ఆ పది వారాలు తీసేస్తే ఇప్పుడు పాప వయసు సుమారు ఏడు వారాలు. డాక్టర్లు దీన్ని సవరించిన వయసు అంటారు. ఏడు వారాల పిల్లకు మెడ నిలవలేదని ఎవరైనా బెంగపడతారా? మెడ నిలపడం, బోర్లా పడడం, కూర్చోవడం, అడుగులు వేయడం, అన్నిటికీ రెండేళ్లు నిండేదాకా ఈ లెక్కే చూడు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, వాటిని వెనక్కి జరపకు.

నిండు నెలల పిల్లలు కూడా అందరూ ఒకే నెలలో నడవరు. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో దాదాపు అందరూ ఎనిమిది నెలలు దాటాక, సుమారు పదిహేడున్నర నెలల లోపు ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా నడిచారు. కొందరైతే మోకాళ్ల మీద పాకకుండానే లేచి నిలబడ్డారు. అడుగులకు అరిసెలు వండడానికి ఇంకా చాలా వ్యవధి ఉందని మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పు.

ఇక నువ్వు చేయాల్సింది. చివరి నెలల్లో గర్భంలో చోటు తగ్గి బిడ్డ ముడుచుకుని ఉంటుంది. మోకాళ్లు పొట్టకు, చేతులు మొహానికి దగ్గరగా ఉంటాయి. ఆ ముడుచుకోవడమే కండరాలకు మొదటి పాఠం. నెలతక్కువ పిల్లకు ఆ వారాలు దక్కలేదు. ఇంక్యుబేటర్‌లో వెల్లకిలా పడుకుని, భుజాలు వెనక్కి, కాళ్లు కప్పకాళ్లలా పక్కలకు పరుచుకుని పెరిగింది. అందుకే చేతులు రెండూ ఛాతీ ముందుకు తెచ్చుకోవడం ఆమెకు కష్టం. ఎత్తుకున్నప్పుడు, పాలిచ్చేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఆ చేతులు ముందుకు వచ్చేలా చూడు.

పాప మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు చాప మీద బొంత పరిచి పక్కకు తిప్పి పడుకోబెట్టు. వీపు వెనక చుట్టిన తువ్వాలు పెట్టి, పైచేతిని మెల్లగా ముందుకు తీసుకురా. కాసేపటికి ఒక చేతి వేళ్లు రెండో చేతి వేళ్లకు తగులుతాయి, తర్వాత పిడికిలి నోటికి చేరుతుంది. మళ్లీ జారిపోతుంది, మళ్లీ వెతుక్కుంటుంది. ఆ వెతుకులాట పాపనే చేసుకోనివ్వు. అయితే నువ్వు పక్కన ఉన్నంతసేపే ఇది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలాగానే, చదునైన పరుపు మీద, దిండు గాని తువ్వాలు గాని లేకుండా పడుకోబెట్టాలి.

బోర్లా పడుకోబెట్టడం నేల మీద మొదలుపెట్టకు. నువ్వు కుర్చీలో వెనక్కి వాలి, పాపను ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకో. నీ గొంతు వినగానే తల ఒక్క క్షణం లేస్తుంది, వణుకుతుంది, పక్కకు వాలిపోతుంది. రోజుకు కొన్నిసార్లు, ఒకటి రెండు నిమిషాలు చాలు. ఆసుపత్రిలో నీ గుండెలకు ఆనించి ఉంచిన కంగారూ పద్ధతి, 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైనది, ఇంట్లో కూడా మానకు. వేళ్లు విప్పార్చి బిగదీసినా, వెక్కిళ్లు వచ్చినా, మాటిమాటికీ ఆవులించినా అలసిపోయిందని అర్థం. అప్పుడిక ఆపేయి.

స్నానం పోసే ఆమెకు గట్టిగా చెప్పు. మెత్తని చేత్తో నూనె రాస్తే మంచిదే. చేతులు పట్టి లేపడం, కాళ్లు గుంజడం, తలకిందులుగా ఊపడం, ముక్కులో చెవిలో నూనె పోయడం వద్దే వద్దు.

ఇంకొక మాట. కొన్ని నెలల తర్వాత చంకల కింద పట్టుకుని నిలబెడితే పాప మునివేళ్ల మీద కర్రలా నిలుచోవచ్చు. ‘ఎంత బలమో’ అని ఇంట్లో అందరూ మురిసిపోతారు. అది బలమని నేను అనను, కండరాలు బిగుసుకోవడం. నిలబెట్టే ఆటలు మానండి, నేల మీద వదలండి. వాకర్ ఎవరైనా కానుకగా తెచ్చినా వాడవద్దు. దానివల్ల నడక త్వరగా రాదు, దెబ్బలు మాత్రం తగులుతాయి. కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

ఇప్పటిదాకా తొందర వద్దన్నాను. కానీ ‘నెలతక్కువ పిల్ల కదా, అదే వస్తుంది’ అంటూ కూర్చోవడం నాకు ఇంకా భయం. సవరించిన నాలుగు నెలలు దాటాక కూడా పిడికిళ్లు ఎప్పుడూ మూసే ఉన్నా, కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతున్నా, ఒళ్లు విల్లులా వెనక్కి వంచుతున్నా, ఐదు నెలలకూ మెడ నిలవకపోయినా, ఏడాది నిండకముందే ఒకే చేయి వాడుతున్నా వెంటనే చూపించాలి. మొదటి ఏడాదిలో కనిపించే బిగుతు కొందరిలో తర్వాత పోతుంది, కొందరిలో పోదు. ఏది ఏదో పరీక్షించిన వాళ్లే చెప్పగలరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, సేవలన్నీ ఉచితం. మీ ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది.

సవరించిన మూడు నెలల వయసులో, అంటే ఇంకో ఐదారు వారాల్లో, ఒక వీడియో తీయి. పాప ఏడవకుండా మెలకువగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కాళ్లు కనిపించేలా, బొమ్మలేవీ చూపించకుండా మూడు నాలుగు నిమిషాలు తీస్తే చాలు. ఆ వయసులో మెడ, మణికట్టు, చీలమండల దగ్గర సన్నని కదలికలు నిరంతరం కనిపించాలి. మెదడు ఎలా ఎదుగుతోందో చెప్పే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. తదుపరి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించు.

కళ్ల పరీక్ష గురించి నువ్వేమీ రాయలేదు. 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు నెల తిరగకముందే రెటీనా, అంటే కంటి లోపలి తెర, చూడాలి, డాక్టరు చాలన్నంత వరకు మళ్లీ మళ్లీ చూపించాలి. డిశ్చార్జి కాగితాల్లో ఆ వివరాలు ఉన్నాయేమో ఇవాళే వెతుకు. లేకపోతే రేపే తీసుకువెళ్లి, ఏమన్నారో నాకు ఫోను చేయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ